రెండు మైకులే ఉన్నా పాటల టీమ్ మొత్తాన్ని లైవ్‌గ రికార్డ్ చేసుడెట్ల: మొదటి నుంచి చివరి దాకా

మా నల్లగొండ దిక్కు పాడేటోళ్ళకు కొదవ లేదు, డప్పు కొట్టేటోళ్ళకు కొదవ లేదు, లేనిదల్లా రికార్డ్ చేసుకునే సామాను. హైదరాబాద్ పోతే స్టూడియోల ఒక్కొక్కళ్ళను వేరేగ నిలబెట్టి ట్రాక్ మీద పాడిపిస్తరు, పాట సాఫ్‌గ వస్తది, కానీ అక్క గొంతు లేపంగనే డప్పాయన చెయ్యి లేస్తది చూడుండ్రి, ఆ ముచ్చట అండ్ల రాదు. ఆ ముచ్చట కావాలంటే అందరు ఒకే అర్రల, ఒకళ్ళ మొఖం ఒకళ్ళు చూసుకుంట పాడాలె, అప్పుడే పట్టాలె.

నేను కొన్నేండ్ల సంది రెండు మైకులు, రెండు ఇన్‌పుట్ల సౌండ్ కార్డు, ఒక పాత ల్యాప్‌టాప్ పట్టుకొని ఊర్లల్ల గిదే పని చేస్తున్న. అండ్ల నాకు సమజైన అసలు సంగతి ఒక్కటే: మైకులు తక్కువున్నప్పుడు మిక్సింగ్, అంటే ఎవరి సౌండు ఎంతుండాల్నో సరిచేసుడు, అర్రలనే అయిపోవాలె. డప్పు ఎక్కువైతే డప్పాయన రెండడుగులు ఎనకకు జరగాలె, వంత తక్కువైతే వంత పాడేటోళ్ళు ఒక అడుగు ముందుకు రావాలె. మనుషులను జరుపుడే మన ఫేడర్, అంటే మిక్సర్ మీద సౌండు పెంచే తగ్గించే మీట. కింద చెప్పేదంతా దాని చుట్టే తిరుగుతది.

గిది కొత్త ఉపాయం కూడా కాదు. 1925 దాకా గ్రామఫోన్ రికార్డులకు మైకే లేకుండె, పెద్ద గొట్టం ముందట నిలబడి పాడేటోళ్ళు, గొంతు వాయించేదానికంటే ముందుండాలంటే పాడేటాయన గొట్టానికి దగ్గరుండేది, వాద్యాలోళ్ళు ఎనక కూసునేది. వాళ్ళకు ఒక్క గొట్టం, మనకు రెండు మైకులు, నయమే కద.

లెక్క కోసం ఒక టీమ్ అనుకుందాం: ముందు పాడే అక్క, వంతకు ఇద్దరు, అండ్ల ఒకామె చేతుల తాళాలు, హార్మోనియం, డోలక్, డప్పు. ఆరుగురు.

ముందుగాల సామాను చూసుకోవాలె

ఒకటి డైనమిక్ మైకు, అంటే స్టేజీ మీద చేతుల పట్టుకొని పాడే రకం, కావాలె. షూర్ కంపెనీ ఎస్ఎం58 లాంటిది ఉంటే మంచిదే, లేకుంటే ఊర్ల సౌండ్ సర్వీసాయన దగ్గర ఉండే మామూలు పాట మైకైనా నడుస్తది. రెండోది కండెన్సర్ మైకు, అంటే దూరంగున్న సన్న సౌండును కూడా పట్టే రకం, దానికి సౌండ్ కార్డుల 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులనే పోయే కరెంటు) బటన్ ఒత్తితేనే ప్రాణం వస్తది, డైనమిక్‌కు అది అక్కర లేదు. వైర్లు మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్‌వే తెచ్చుకోవాలె, లావు జాక్ వైరుతోని ఫాంటమ్ పవర్ రాదు. చెవులు మొత్తం మూసే హెడ్‌ఫోన్స్ ఒకటి. స్టాండ్ ఒకటే ఉంటే రెండోదానికి కెమెరా ట్రైపాడ్‌కు కడ్తం, లేకుంటే దూలానికి తాడేసి వేలాడదీస్తం, వేలాడదీసినప్పుడు తాడు రెండు దిక్కులకు కట్టాలె, ఒక్క తాడైతే మైకు తిరుగుతనే ఉంటది.

సౌండ్ కార్డు లేదు, డీజే మిక్సరే ఉంది అంటరా, పర్వాలేదు. ఒక మైకును పూర్తిగ ఎడమకు, ఇంకొకదాన్ని పూర్తిగ కుడికి తిప్పి స్టీరియోగ రికార్డ్ చేస్తే రెండు వేరే వేరే ట్రాకులు చేతికొస్తయి, తర్వాత కంప్యూటర్ల ఎడమ కుడి విడగొట్టుకోవచ్చు. అండ్ల ఒక్క ముచ్చట మరువద్దు, ఎడమకు అక్క గొంతు ఒక్కటే పెట్టాలె, ఎన్ని మైకులున్నా మిగిలినయన్ని కుడికే. గొంతు విడిగ ఉంటే తర్వాత సగం తిప్పలు తప్పుతయి.

అర్ర: ఈడనే సగం పని అయిపోతది

రెండేండ్ల కింద ఒక బతుకమ్మ పాట కోసం, పెద్దగుంటది మంచిగొస్తది అని ఫంక్షన్ హాల్‌కు పోయినం. కింద టైల్స్, ఉత్త గోడలు, పైన ఎత్తు కప్పు. ఆడోళ్ళు కొట్టే చప్పట్లు ఒక్కటి కొడితే నాలుగు ఇనబడ్డయి. ఇంటికొచ్చి ఇంటే పాటల ఒక్క మాట సమజ్ కాలే. గోడల నుంచి తిరిగొచ్చిన సౌండు మైకుల పడ్డంక దాన్ని పూర్తిగ తీసుడు అయ్యే పని కాదు, ఎన్ని సాఫ్ట్‌వేర్లు తెచ్చినా గొంతు కూడా దానెంబడే చెడిపోతది. ఆ దినమంతా అంతమంది పని ఇడిసిపెట్టి వచ్చిండ్రు, ఆ బాధ నాకింకా ఉంది, అందుకే అర్ర గురించి గింత గట్టిగ చెప్తున్న.

అర్రల నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టుండ్రి. ఖంగుమని మోగి తోక లెక్క సాగితే వద్దు. తప్‌మని అక్కడికక్కడ ఆగితే అదే మన స్టూడియో. అసలు మన దగ్గర దొరికే అన్నిట్లకంటే మంచి అర్ర ఏదంటే పత్తి ఏరినంక అమ్మేదాక పోసి పెట్టుకునే అర్ర. నేను నకిరేకల్ దిక్కు ఒక ఊర్ల మొదటిసారి అసొంటి అర్రలకు పోయినప్పుడు మాట్లాడితే నా గొంతే నాకు చెవుల కాడ ఇనబడ్డట్టైంది, మూడు గోడల పొంటి నడుము ఎత్తు పత్తి, సౌండు ఏడ తగిలినా అండ్లనే ఇంకిపోతున్నది. అట్లాంటి అర్రల డప్పు కాపుడు అస్సలు పెట్టుకోవద్దు, మంట వాకిట్ల దూరంగ, గాలి అర్ర దిక్కు రాకుండ ఉన్న తావుల పెట్టాలె, బీడీ తాగెటోళ్ళను కూడా బయటికే పంపాలె.

పత్తి లేని కాలంల బొంతలు, పరుపులు, గోనె సంచులు. గచ్చు మీద చాపలు గాదు బొంతలే పర్వాలె, చాప పలుచగుంటది, సౌండును ఆపదు. పాడేటోళ్ళ మొఖం ఎదురుంగ ఉన్న గోడకు, మైకుకు ఎదురుంగ ఉన్న గోడకు దండెం కట్టి బొంతలు ఏలాడదియ్యాలె, గోడకు ఆనించుకుండ నాలుగేళ్ళ సందు ఇడిసిపెడితే ఇంకా మంచిగ పని చేస్తది. అన్ని గోడలకు లేకున్నా ఎదురెదురు గోడలల్ల ఒక్కదానికి కట్టినా తేడా తెలుస్తది. మైకును అర్రకు సరిగ్గ నడిమిట్ల పెట్టొద్దు, మూలకూ పెట్టొద్దు, రెండు తావులల్ల డోలక్ బొంగ సౌండు, అంటే లోతుగ గుమ్ముమనేది, తప్పుగ వస్తది.

ఇగ సప్పుళ్ళు. ఫ్యాన్ బంద్, ఫ్రిజ్ బంద్, పక్కింటి బోరు మోటర్ ఆటో స్టార్టర్ మీద ఉందేమో ముందే అడగాలె, మంచి టేక్ నడిమిట్ల కరెంటొచ్చి మోటర్ లేస్తే అంతే సంగతి. రేకుల ఇండ్లు ఎండకు టిక్కుటిక్కుమంటయి, అయి వద్దు. నా లెక్కల ఊర్లల్ల పగటీలి రెండు నుంచి నాలుగు దాకా మంచి టైము, జనం చేన్లల్ల ఉంటరు, గుడి మైకు ఉండది, కుక్కలు కూడా పండుకుంటయి.

ఒక్క చెవితోని తిరిగి ఇనుడు

మైకు వైరు ఇప్పకముందే చేసే పని గిది. టీమ్‌ను ఒక పల్లవి పాడమని, ఒక చెవిల ఏలు పెట్టుకొని, ఇంకో చెవితోని వాళ్ళ నడుమ మెల్లగ తిరగాలె. రెండు చెవులతోని ఇంటే మన మెదడు మనకు కావాల్సింది ఏరుకుంటది, మైకుకు ఆ తెలివి లేదు, ఒక్క చెవితోని ఇంటేనే మైకు ఇనేది మనకు అర్థమైతది. వంగి, లేచి, పక్కకు జరిగి, ఏ తావుల హార్మోనియం, డోలక్, వంత మూడు సమంగ ఇనబడుతున్నయో ఆడ సుద్దముక్కతోని గీత పెట్టుండ్రి. కండెన్సర్ పోయేది ఆడికే.

మైకులు పెట్టుడు

ప్రతి మైకుకు ఒక చెవిటి దిక్కు ఉంటది. ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ (ముందటి దిక్కే ఎక్కువ ఇనే) మైకు సరిగ్గ ఎనక దిక్కు తక్కువ ఇంటది. సూపర్ కార్డియాయిడ్ అని రాసుంటే దాని చెవిటి దిక్కు ఎనక కాదు, ఎనకపక్క ఏటవాలుగ, 125 డిగ్రీల కాడ. రెండు దిక్కుల ఇనే 8 ఆకారం మైకైతే పక్కలు చెవిటివి. మన పని ఏందంటే ఎక్కువ సౌండు చేసేదాన్ని ఆ చెవిటి దిక్కుల కూసోబెట్టుడు.

అందుకని అక్క టీమ్‌కు ఎదురుంగ నిలబడాలె, టీమ్ అక్కకు ఎదురుంగ. అక్క ముందట డైనమిక్ మైకు, దాని మొఖం అక్క దిక్కు, దాని ఎనక దిక్కు టీమ్. టీమ్ దిక్కు కండెన్సర్, దాని మొఖం టీమ్ దిక్కు, ఎనక దిక్కు అక్క. అంటే రెండు మైకులు వీపులు కలుపుకొని నిలబడ్డట్టు, నడుమ ఒక బారెడు ఎడం. గిట్ల పెడితే రెండు లాభాలు, ఒకళ్ళ సౌండు ఇంకొకళ్ళ మైకుల తక్కువ పడతది, ఒకళ్ళ కండ్లు ఒకళ్ళకు కనపడతయి. రెండోదే నాకు ముఖ్యం, చరణం ఎత్తుకునే ముందు అక్క కండ్లతోనే డప్పుకు సైగ చేస్తది.

అక్క నోటికి మైకు జానెడు దూరం. ఇంకా దగ్గరైతే బొంగ పెరిగి గొంతు ముద్దగైతది, మూరెడు దాటితే డప్పు దాన్ల దూరుతది. మైకు నోటికి సూటిగ పెట్టకుండ ముక్కు ఎత్తుల పెట్టి కిందికి వంచాలె, ప, భ, ఫ అన్నప్పుడు గాలి మైకు కింద నుంచి పోతది, పాప్ ఫిల్టర్ లేకున్నా నడుస్తది. ఇంకొక లెక్క గుర్తుపెట్టుకోవాలె, అక్క నోటికి తన మైకు ఎంత దూరమో రెండో మైకు దానికి మూడింతలకు తక్కువ కాకుండ ఉండాలె, లేకుంటే గొంతు రెండు మైకులల్ల సమంగ పడి డబ్బల మాట్లాడినట్టైతది. మనం బారెడు ఇడిసినం కాబట్టి ఆ బాధ లేదు.

కండెన్సర్ నాలుగడుగుల ఎత్తుల పెట్టి జెర కిందికి వంచాలె. దాని కింద హార్మోనియం రెండు మూరలకు, డోలక్ పక్కకు రెండు రెండున్నర మూరలకు, ఇద్దరు కూసున్నోళ్ళే. వాళ్ళ ఎనక వంత పాడేటోళ్ళు నిలబడాలె, వాళ్ళ నోర్లు మైకు కంటె పైకుంటయి కాబట్టి కూసున్నోళ్ళ తలలు అడ్డం రావు. హార్మోనియం గాలి పెట్టె ఊపేటప్పుడు కిర్రుమంటది, ఏళ్ళతోని నొక్కే కట్టెలు టకటకమంటయి, అందుకని మైకు దానికి మరీ దగ్గరుంటే వాద్యం కంటె ఆ సప్పుడే ఎక్కువొస్తది, దూరం పెడితేనే దాని స్వరం గుండ్రంగ ఇనబడతది. డోలక్‌ల ఎడమ దిక్కు బొంగ మూత, దాన్ని జెర మైకు దిక్కు తిప్పి కూసోమనాలె, కుడిచేతి దెబ్బ ఏడున్నా ఇనబడతనే ఉంటది.

తాళాలు చూడనీకి చిన్నయి గాని టీమ్ మొత్తంల మైకుల ముందు దూరేటివి గవ్వే. ఆ సన్నటి మోత అన్ని మైకులల్ల పడతది, తర్వాత తీద్దామంటే గొంతుల ఉన్న మెరుపు కూడా పోతది. తాళాలామె వంతల దూరం కొసకు నిలబడి, తాళాలు నడుము కింద పెట్టుకొని, వంత పాడే ఆమె ఒళ్ళే అడ్డమయ్యేటట్టు చూసుకోవాలె.

డప్పు

దీని మీద వేరేగ చెప్పాలె, మన పాటకు పానం అదే, రికార్డింగ్ చెడగొట్టేది కూడా అదే. దూరం రెండింతలైతే సౌండు 6 డెసిబెళ్ళు తగ్గుతది అని లెక్క, అర్రల గోడల వల్ల అంత తగ్గదు గాని దారి అదే. మూడడుగుల కాడున్న డప్పును పన్నెండడుగులకు పంపిస్తే లెక్కల 12 డెసిబెళ్ళు పోయినట్టు. మొన్న ఒక ఊర్ల మొదలు డప్పాయన డోలక్ పక్కనే నిలబడ్డడు, టెస్ట్ ఇంటే డప్పు తప్ప ఏం లేదు. గోడ దాక పంపినం, ఇంకా ఎక్కువే. ఆఖరుకు దర్వాజ తెరిచి గడప మీద నిలబెట్టినం, సగం సౌండు వాకిట్లకు పోయింది, మిగిలిన సగం పాటల సరిగ్గ కూసున్నది. పక్కకు తిరిగి కొట్టమన్నం, డప్పు మొఖం, ఎనక రెండు దిక్కుల గట్టిగ మోగుతది, అంచు దిక్కు తక్కువ, అంచు మైకు దిక్కు వచ్చేటట్టు నిలబడంగనే సన్నటి సిటికెన పుల్ల టికటికలు చురుక్కుమనుడు తగ్గి లావు సిర్ర దెబ్బ గుమ్ముమని వచ్చింది. మెల్లగ కొట్టమని మాత్రం అడగొద్దు, మెల్లగ కొట్టిన డప్పు డప్పు లెక్క ఉండది, ఆయన మనసు కూడా చిన్నబోతది. జాగ మార్చాలె, కొట్టుడు మార్చొద్దు.

ఇంకొకటి, కాపిన డప్పు చల్లబడ్డకొద్ది తోలు సడలి స్వరం దిగుతది. మొదటి టేక్‌ల మోగినట్టు నాలుగో టేక్‌ల మోగదు, అటు కొంత ఇటు కొంత తీసి అతికిద్దామంటే అతుకు తెలిసిపోతది. ప్రతి టేక్ ముందు వాకిట్లకు పోయి కాపుకొని రావాలె, దానికి టైము ముందే లెక్క గట్టుకోవాలె.

పాలమూరు దిక్కు కిన్నెర ఉంటే లెక్క ఉల్టా అయితది. 2022ల పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య గారి 12 మెట్ల కిన్నెరతోని చానా మందికి ఆ వాద్యం తెలిసింది. అది మెల్లగ పలికే వాద్యం, డప్పు పక్కన పెడితే మాయమైతది. దానికి కండెన్సర్ ఇచ్చేసి, సొరబుర్రలకు మూరెడు దూరంల పెట్టి, మిగిలినోళ్ళందరు ఎనకకు పోవాలె.

కాలేజీ పిల్లల బ్యాండుకు డ్రమ్ కిట్ ఉంటే మూడు మైకులతోని ఒక పాత పద్ధతి ఉంది, గ్లిన్ జాన్స్ అనే ఇంగ్లాండ్ సౌండ్ ఇంజనీర్ పేరు మీద పిలుస్తరు. ఒక మైకు స్నేర్ (వాయించేటాయన ముందున్న చిన్న డ్రమ్ము) పైన సుమారు 40 ఇంచుల ఎత్తుల, రెండోది ఫ్లోర్ టామ్ (కింద నిలబెట్టే పెద్ద డ్రమ్ము) పక్క నుంచి హై హ్యాట్ (కాలితోని మూసే జంట పళ్ళాలు) దిక్కు చూసుకుంట, రెండింటికి స్నేర్ నుంచి దూరం సరిగ్గ ఒక్కటే ఉండాలె, తాడుతోని కొలవాలె, మూడోది కిక్ (కాలితోని కొట్టే పెద్ద డ్రమ్ము) ముందట.

ఫోన్ను మూడో మైకు చేసుకోవచ్చా అంటే చేసుకోవచ్చు, వంతకు దగ్గర పెట్టి, సౌండును దానంతట అది పెంచుకునే తగ్గించుకునే సెట్టింగ్ బంద్ చేసే యాప్‌ల వేవ్ ఫైల్‌గ తీసుకోవాలె. పాట ముందు ఒక చప్పట కొడితే తర్వాత ట్రాకులు కలపనీకి గుర్తుంటది. లాంగ్ రికార్డింగ్ అయితే ఫోన్ ట్రాక్ మెల్లగ పక్కకు జరుగుతది, అందుకే ప్రతి పాటకు కొత్తగ చప్పట కొట్టుకోవాలె.

లెవెల్, కరెంటు

రికార్డింగ్ సెట్టింగ్‌ల 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోవాలె, వీడియోకు కూడా అదే సరిపోతది. టీమ్‌ను పాటల అన్నిట్లకంటె గట్టిగుండే చరణం పాడమని, మీటర్ మైనస్ 12 డెసిబెళ్ళు దాటకుండ గెయిన్, అంటే మైకు సౌండును లోపలికి ఎంత తీసుకోవాల్నో తిప్పే నాబ్, పెట్టాలె. టెస్ట్‌ల పాడినదానికంటె అసలు టేక్‌ల అందరు ఊపుల గట్టిగ పాడతరు, ఆ ఖాళీ దానికే. 24 బిట్‌ల తక్కువ లెవెల్‌ల తీసినా తర్వాత పెంచుకోవచ్చు, పైన తగిలి పగిలిన సౌండు మాత్రం మల్ల రాదు.

సన్నగ గుయ్యిమని ఇనబడితే అది చానసార్లు 50 హెర్ట్జ్ కరెంటు సప్పుడే. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపాలె, అన్నీ ఒకటే బోర్డుకు పెట్టాలె, మైకు వైరు కరెంటు వైరు పక్కపక్కన పరవొద్దు. అందరి ఫోన్లు ఫ్లైట్ మోడ్‌ల పెట్టి, మైకు లెక్క వాడేది తప్ప, అర్ర బయట.

టెస్ట్ తీసి అందరు కలిసి ఇనుడు

ఒక పల్లవి, ఒక చరణం తీసి, ఆపి, హెడ్‌ఫోన్స్ ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకొని అందరు ఇనాలె, ఒక్క నేనే ఇని చెప్తే వాళ్ళకు జరుగుడు ఎందుకో సమజ్ కాదు. ఒకసారి ఒక్కళ్ళనే జరపాలె, ఇద్దరిని ఒకేసారి జరిపితే ఏం మారిందో తెల్వదు. అడుగు, అర్ధడుగు. నాకు మామూలుగ నాలుగైదు టెస్టులు పడతయి, గంట పోతది, ఆ గంటకు ఏడవొద్దు. సెట్ అయినంక ప్రతి ఒక్కరి కాళ్ళ కాడ సుద్దముక్కతోని గీత పెట్టాలె, చాయ్ తాగి వచ్చినా అదే గీత మీద నిలబడాలె.

రెండు ట్రాకులు కలిపి ఇన్నప్పుడు గొంతు పలుచగ, బొంగ లేకుండ ఇనబడితే ఒక ట్రాక్‌కు పొలారిటీ (సౌండు అల పైకి కిందికి) ఉల్టా చేసే బటన్ ఒత్తి చూడాలె. ఏది నిండుగుంటే అది ఉంచుకోవాలె. సౌండు మీటరు దూరం పోనీకి సుమారు 3 మిల్లీసెకన్లు పడతది, కండెన్సర్‌కు అక్క గొంతు అందుకే కొంచెం ఆలస్యంగ అందుతది, చానమంది ఆ ట్రాక్‌ను జరిపి సరిచేస్తరు, నేను ఎక్కువ సార్లు అట్లనే ఇడిసిపెడత, ఆ కొంచెం ఆలస్యంల అర్ర వెడల్పు ఇనబడతది.

అసలు టేకులు

పాట మొత్తం ఒక్కసారిగ పాడాలె, ముక్కలు వద్దు. మూడు టేకులు చాలు, ఐదు దాటితే గొంతులు అలసిపోతయి. పాడేటోళ్ళకు హెడ్‌ఫోన్స్ పెట్టొద్దు, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఇని పాడే అలవాటున్నోళ్ళు. పాట అయిపోంగనే ఎవరు కదలొద్దు, డప్పు మోత పూర్తిగ ఆగిందాక, ఐదు అంకెలు లెక్కపెట్టే దాక శ్వాస కూడా మెల్లగ. చివరికి అందరు నిలబడ్డ తావులనే నిలబడి అర నిమిషం ఉత్త అర్ర సౌండు తీసుకోవాలె, తర్వాత ఏడైనా దగ్గు కోసి తీసేస్తే ఆ సందుల నింపనీకి గిదే పనికొస్తది.

ఇంటికొచ్చినంక చేసేది కొంచెమే. అక్క ట్రాక్‌ల 80 నుంచి 100 హెర్ట్జ్ కింద ఉండే లోతు సౌండును కోసెయ్యాలె, టీమ్ ట్రాక్‌ను కొయ్యొద్దు, డోలక్ బొంగ ఆడనే ఉంటది. రెండు ట్రాకుల లెవెల్ పోల్చి పెట్టుకోవాలె, రివర్బ్ (హాల్‌ల మోగినట్టు చేసే ఎఫెక్ట్) ఏస్తే పిడికెడు కాదు చిటికెడు. ఇంత చేసినంక కూడా డప్పు ఎక్కువనిపిస్తే ఈక్వలైజర్‌తోని (సన్న, లావు సౌండ్లను పెంచే తగ్గించేది) కొట్లాడకుండ వచ్చేవారం మల్ల పోయి ఇంకో రెండడుగులు జరిపి తీసుడే నయం.

సామాను ఇప్పకముందు ఒక్క పని ఉంది. సుద్ద గీతలతోని సహా అర్ర నాలుగు మూలల నుంచి ఫోటోలు తియ్యాలె, నోట్‌బుక్‌ల ఎవరు మైకుకు ఎన్ని మూరల దూరం, మైకు ఎంత ఎత్తు, గెయిన్ ఎంత, దర్వాజ తెరిచుందా మూసుందా అంతా రాసుకోవాలె. రికార్డింగ్ ఫైళ్ళు అర్రల ఉన్నప్పుడే ఒక పెన్‌డ్రైవ్‌లకు కూడా కాపీ చేసి, ల్యాప్‌టాప్ సంచిల గాకుండ జేబుల పెట్టుకొని బస్సెక్కాలె.